వట్టిపోయిన ఆవు, కొవ్వెక్కిన కాలేయం

బట్టల కొట్టుకెళ్ళి "దానానికి పంచెలు చూపించవయ్యా" అనండి. గుమాస్తా మిమ్మల్ని మామూలు పంచెల వైపు తీసుకెళ్ళడు. కింది అరలోంచి వేరే కట్ట లాగుతాడు. విప్పి పట్టుకుంటే అవతలి వేళ్ళు ఇవతలికి కనిపిస్తాయి. నడుముకి ఒక చుట్టు వస్తే రెండో చుట్టు రాదు. అది కట్టుకోవడానికి నేసిన పంచె కాదు, ఇవ్వడానికి నేసిన పంచె. గొడుగూ అంతే, ఒకసారి విప్పితే మళ్ళీ ముడుచుకోదు. ఇక గోదానమంటే తమలపాకులో కొబ్బరికాయ, దాని మీద నూటపదహార్లు. ఆ ఆవు పూటకి ఎన్ని పాలిస్తుందో మీరే లెక్క వేసుకోండి. రాజమండ్రిలో పెళ్ళిళ్ళ లాంటి పూర్వం, చావు తర్వాతి అపరం రెండూ చేయించే పురోహితుణ్ణి నేను. ఈ దానాలు పుచ్చుకునేదీ మేమే కాబట్టి వాటి నాణ్యం నాకు బాగా తెలుసు. అంతకన్నా శక్తి లేనివాళ్ళని నేననడం లేదు. శక్తి ఉండి కూడా కింది అర వైపు చెయ్యి చూపించేవాళ్ళ గురించే ఈ మాట.

కఠోపనిషత్తు మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. వాజశ్రవసుడు ఉన్నదంతా ఇచ్చెయ్యాల్సిన యాగం తలపెట్టి, తాగాల్సిన నీళ్ళు తాగేసి, మెయ్యాల్సిన గడ్డి మేసేసి, ఇవ్వాల్సిన పాలన్నీ ఇచ్చేసి ఇక ఈనే ఓపిక లేని ఆవుల్ని తోలించాడు. చూస్తున్న నచికేతుడికి లోపల శ్రద్ధ ప్రవేశించిందని ఉపనిషత్తు చెబుతుంది. శ్రద్ధ ప్రవేశించిన కుర్రాడు చేసిన మొదటి పని మంత్రం చదవడం కాదు, ఆవుల వంక చూడటం. ఇలాంటివి ఇచ్చేవాడికి ఆనందమన్నది లేని లోకాలే దక్కుతాయనుకున్నాడు. తర్వాత "నన్నెవరికిస్తావు నాన్నా" అని ముమ్మారు అడగడం, తండ్రి విసుక్కుని మృత్యువుకిస్తానడం, యముడితో సంభాషణ, అంతా అందరికీ తెలిసిందే. ప్రవచనాల్లో యముడి ఇంటికి చేరేదాకా ఎవరూ ఆగరు. నా వృత్తికి మాత్రం ఆవుల దగ్గర ఆగడం అవసరం. పనికిరానిది ఇస్తే అది దానమవుతుందా?

ఈ ప్రశ్న మా ఇంట్లోకి మా బావగారి జబ్బుతో వచ్చింది. చెల్లెలి భర్త. జన్మలో మందు ముట్టని మనిషి. షుగరు, కూర్చుని చేసే ఉద్యోగం, స్వీట్ల మీద ప్రేమ. కాలేయంలో కొవ్వు చేరి, అది మచ్చలు కట్టి, సిర్రోసిస్ దాకా వెళ్ళింది. బంధువుల్లో సగం మంది ఆయన చాటుగా తాగేవాడనే ఇప్పటికీ నమ్ముతున్నారు. హైదరాబాదులో డాక్టర్లు మార్పిడి తప్ప దారి లేదన్నారు. మన దేశంలో కాలేయ మార్పిళ్ళలో ఎక్కువ భాగం బతికున్న దాతల నుంచే జరుగుతాయి, చనిపోయినవాళ్ళ నుంచి వచ్చేవి తక్కువ. మేనల్లుడు ముందుకొచ్చాడు. రక్తం గ్రూపు కలిసింది. స్కాన్ తీస్తే వాడి కాలేయంలోనూ కొవ్వే. తండ్రి ఆస్తి కొడుక్కి ముందే చేరిపోయింది.

"కొవ్వు తగ్గించుకుని రండి, అప్పుడు చూద్దాం" అన్నాడు సర్జను.

వారాల తరబడి సాగింది ఆ తగ్గించుకోవడం. ఆసుపత్రి దగ్గర అద్దెకు తీసుకున్న గదిలో మా చెల్లెలు ఒక పొయ్యి మీద భర్తకి ఉప్పు లేని పథ్యం, ఇంకో పొయ్యి మీద కొడుక్కి నూనె లేని పథ్యం వండేది. వాడికి అన్నం పగలొక గుప్పెడు, రాత్రి అసలు లేదు. జొన్నరొట్టె, ఆకుకూర పప్పు, మజ్జిగ. బిస్కెట్టు, కూల్‌డ్రింకు, ఆఫీసులో సాయంకాలం సమోసా అన్నీ బంద్. తెల్లవారుజామున నడక, సాయంత్రం మళ్ళీ నడక. పండక్కి కూడా ఒక పూట ఉపవాసం ఉండనివాడు నాకు ఫోను చేసి, "మావయ్యా, నువ్వు చెప్పిన ఏకాదశులన్నీ నాతో ఒకేసారి చేయించేస్తున్నారు" అని నవ్వాడు.

నేను నవ్వలేదు. నిజంగానే అది ఏకాదశే. తిండి తగ్గితే శరీరం నిల్వ ఉన్నదాన్ని కరిగించుకుంటుంది. పొట్ట మీది కొవ్వు మొండిది, దిగడానికి నెలలు పడుతుంది. కాలేయంలోది అలా కాదు, ముందే కదులుతుంది. కొన్ని వారాల నిష్ఠకే స్కానులో తేడా కనిపిస్తుంది. కాలేయానికి దక్కిన వరం ఇది. పుణ్యం కోసం ఉపవాసమున్నవాళ్ళని చాలామందిని చూశాను. ఇంకొకళ్ళ ఒంట్లోకి వెళ్ళబోయే ముక్కని శుభ్రం చెయ్యడానికి ఉపవాసమున్నవాణ్ణి వీణ్ణే చూశాను.

తూకం లెక్క కూడా డాక్టరు వివరంగా చెప్పాడు. పుచ్చుకునే మనిషి బరువులో కనీసం నూటికి 0.8 వంతు కాలేయం అందాలని సాధారణంగా చూస్తారు. డెబ్భై కిలోల మనిషికి అది 560 గ్రాములు. దాత కాలేయంలో కుడి వైపు పెద్ద భాగం తీస్తే, మిగిలింది కొన్ని నెలల్లో పెరిగి పని అందుకుంటుంది. ఇక్కడే కొవ్వుతో చిక్కు. అది తూకానికి వస్తుంది, పనికి రాదు. శిబి చక్రవర్తి తొడ కోసి త్రాసులో వేస్తుంటే పావురం వైపే మొగ్గిన కథ విన్నప్పుడల్లా నాకు దేవతల పరీక్ష అన్యాయంగా అనిపించేది. ఇప్పుడు మరోలా అనిపిస్తోంది. ఇచ్చినదెంత అన్నది ఇచ్చినవాడి లెక్కలో తేలదు, అవతలి పళ్ళెంలో ఉన్న ప్రాణి లెక్కలోనే తేలాలి.

ఆపరేషన్ అయింది. ఇద్దరూ తిరుగుతున్నారు. దాని గురించి ఇంతకన్నా చెప్పేది లేదు.

అయితే ఆ ఆసుపత్రి వరండాలో కూర్చున్న రోజుల్లో ఇంకొకటి గమనించాను. దాతలుగా వచ్చినవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. భార్య, తల్లి, అక్క. మన దేశం లెక్కలూ ఇదే చెబుతాయి. మొగుడి క్షేమానికి అట్లతద్దె నాడు పస్తుండటం అలవాటైన చేతులు, ఇప్పుడు మొగుడి కాలేయం కోసం పస్తుంటాయి. అందులో ఎంత ఇష్టం, ఎంత ఇంటి పెద్దల చూపు? చట్టం ప్రకారం దాత ఒప్పుకోలు స్వచ్ఛందమో కాదో విచారించాలి. మంచి ఆసుపత్రుల్లో దాతని విడిగా కూర్చోబెట్టి అడుగుతారు. ఇష్టం లేదంటే, ఆ మాట బయటికి రానివ్వకుండా "మీ కాలేయం సరిపోదు" అని ఇంట్లోవాళ్ళకి చెప్పి వదిలేస్తారు. అబద్ధమే. ప్రాణం మీదికొచ్చినప్పుడు అబద్ధమాడినా దోషం లేదని మన పెద్దలు వదిలిన సందు ఇలాంటి చోటికే పనికొస్తుంది. ఇంకో మాట కూడా నాకు తోచింది. వద్దని నోటితో చెప్పలేని మనిషికి కొవ్వు తగ్గకపోవడమే జవాబు కావచ్చు. పథ్యం చేస్తున్నానంటూనే చెయ్యకపోవచ్చు. అటువంటి దాతని "నిష్ఠ లేదు" అని తిట్టే హక్కు బంధువులకి లేదు. సంకల్పం లేని చోట ఉపవాసం ఆకలే.

సరే, బతికున్నవాడు ఉపవాసం ఉండగలడు. చనిపోయినవాడి మాటేమిటి?

రోడ్డు ప్రమాదంలోనో మెదడులో నరం చిట్లో ఒకతను బ్రెయిన్ డెడ్ అయ్యాడనుకుందాం. ఇంట్లోవాళ్ళు గుండె రాయి చేసుకుని సరేనన్నారు. సర్జను పొట్ట తెరిచి చూస్తాడు. ఆరోగ్యంగా ఉన్న కాలేయం ముదురు ఎర్రమట్టి రంగులో, అంచు పదునుగా ఉంటుంది. కొవ్వెక్కింది పసుపుబారి, అంచులు మొద్దుబారి ఉంటుంది. అనుమానమొస్తే చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెడతారు. పెద్ద పెద్ద కొవ్వు చుక్కలున్న కణాలు నూటికి ముప్ఫై దాటితే జంకుతారు, అరవై దాటితే చాలాచోట్ల పక్కన పెట్టేస్తారు. కారణముంది. అవయవాన్ని మంచులో పెట్టి తీసుకెళ్ళాలి. కొవ్వు నిండి ఉబ్బిన కణాలు పక్కనున్న సన్నటి రక్తనాళాల్ని నొక్కేస్తాయి. చల్లదనాన్ని అవి తట్టుకోలేవు, మళ్ళీ వెచ్చటి రక్తం పారినప్పుడు ఆ దెబ్బనీ తట్టుకోలేవు. కొత్త ఒంట్లో కుట్టాక కాలేయం మేలుకోకపోతే మనిషి దక్కడం కష్టం. కాబట్టి ఆ కుటుంబం కన్నీళ్ళతో ఇచ్చింది పక్కన పెడతారు. నచికేతుడి మాట ప్రకారం న్యాయమే. వట్టిపోయిన ఆవు.

ఈ మాటకి ఎదురు తిరిగినవాళ్ళు ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నారు. పీటర్ ఫ్రెండ్ అనే సర్జను, కాన్‌స్టాంటిన్ కుస్సియోస్ అనే ఇంజినీరు. కాలేయాన్ని మంచులో పెట్టడం మానేసి, ఒంట్లో ఉన్నట్టే ముప్ఫై ఏడు డిగ్రీల వెచ్చదనంలో, ప్రాణవాయువు కలిపిన రక్తాన్ని దానిలో పారిస్తూ ఉంచే యంత్రాన్ని తయారుచేశారు. అలా ఉంచిన కాలేయాన్ని 2013లో లండన్ కింగ్స్ కాలేజ్ ఆసుపత్రిలో మొదటిసారి మనిషికి అమర్చారు. 2018లో 220 కాలేయ మార్పిళ్ళతో చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. మంచుపెట్టెతో పోలిస్తే, పనికిరావని పారేసేవి సగానికి తగ్గాయి. యంత్రంలో కాలేయం పైత్యరసం ఊరిస్తుంది, చక్కెర వాడుకుంటుంది, రక్తంలో పేరుకున్న లాక్టేటును శుభ్రం చేస్తుంది. కుట్టకముందే పనితనం చూపిస్తుంది. బర్మింగ్‌హామ్‌లో ఇంకో అడుగు వేశారు. ఆ దేశంలోని కేంద్రాలన్నీ రకరకాల కారణాలతో వద్దన్న 31 కాలేయాల్ని యంత్రంలో పెట్టి చూసి, 22 అమర్చారు. తొంభై రోజులకి 22 మందీ బతికే ఉన్నారు. తర్వాత నలుగురికి పైత్యనాళాలు ఇరుకైపోయి మళ్ళీ మార్పిడి చెయ్యాల్సి వచ్చింది. ఇది కూడా చెప్పకపోతే నేను కింది అర పంచె ఇచ్చినట్టే.

అదే బర్మింగ్‌హామ్ బృందం 2019లో ప్రకటించిన ప్రయోగం నన్ను ఎక్కువగా పట్టుకుంది. ఎవరికీ అమర్చని, పరిశోధనకే వదిలేసిన కొవ్వు కాలేయాల్ని ఈ యంత్రంలో పెట్టి, కొన్నింటిలో కొవ్వు కరిగించే మందుల మిశ్రమం కలిపారు. ఆరు గంటల్లో కొవ్వు మూడో వంతు పైగా తగ్గింది. ఎలా తగ్గిందంటే, కణాలు కొవ్వుని కాల్చుకున్నాయి, కొంత బయటికి తోసేశాయి. కాల్చుకుంటే కీటోన్లు పుడతాయి. ఏకాదశి నాడు మన ఒంట్లో పుట్టేవీ అవే.

అంటే ఆ యంత్రంలో జరిగింది ఉపవాసం. మనిషి లేడు, కాలేయం ఉపవాసముంది.

రేపు ఇలాంటి కాలేయాన్ని ఒకరికి అమర్చారనుకుందాం. ఇది ఎవరి తపస్సు? మా మేనల్లుడి విషయంలో చిక్కు లేదు. అనుకున్నవాడు వాడే, కడుపు మాడ్చుకున్నవాడు వాడే, ఇచ్చినవాడు వాడే. పోయినవాడు బతికుండగా ఒక్క పూట పస్తుండి ఎరగడు, కాలేయం సంగతి తలుచుకుని ఎరగడు. దేవలుడు దానానికి ఆరు అంగాలు చెప్పాడు: దాత, పుచ్చుకునేవాడు, శ్రద్ధ, ధర్మమైన వస్తువు, చోటు, వేళ. ఇక్కడ దాత లేడు, వస్తువు బాగాలేదు. ఒక కుర్ర పండితుడు నాతో వాదించాడు కూడా, "బాబాయిగారూ, ఇది దానం కాదు, మరమ్మతు" అని.

ఆ అబ్బాయి రోజూ చేయించే కర్మనే అతనికి గుర్తుచేశాను. కోటిలింగాల రేవులో మేం పది రోజులు పిండాలు పెట్టించేది దేనికి? పోయినవాడికి ఒక దేహం కట్టడానికి. మొదటి రోజు పిండంతో తల, ఆ తర్వాత రోజుకో భాగం, పదో రోజుకి ఆకలిదప్పులు. గరుడపురాణం చెప్పేది ఇదే. చచ్చిపోయినవాడు తన ప్రయాణానికి కావలసిన శరీరాన్ని తాను కట్టుకోలేడు, బతికున్నవాళ్ళు కట్టి పంపాలి. పోయినవాడి అసంపూర్తి పనిని మిగిలినవాళ్ళు పూర్తిచెయ్యడం మన ధర్మానికి కొత్త కాదు, అపరకర్మ మొత్తం దాని మీదే నిలబడింది. కొడుకు పెట్టిన అన్నపుముద్ద తండ్రికి చేరుతుందని నమ్మేవాళ్ళం, యంత్రం పక్కన నర్సు గంటల తరబడి కాపలా కాసి కరిగించిన కొవ్వు దాత ఖాతాలో పడదని ఎలా అంటాం?

ఈ లెక్కతోనే ఇంకో భయం కూడా తీరుతుంది. అవయవం తీస్తే వచ్చే జన్మలో అది లేకుండా పుడతారేమోనని నన్ను అడగని ఊరు లేదు. పైలోకానికి వెళ్ళేది అన్నపుముద్దలతో కట్టిన దేహం. ఇక్కడిది ఎలాగూ కట్టెల పాలే. కాల్చబోయే కాలేయాన్ని ఒకరికిస్తే పిండంలో ఏమీ తరగదు.

మరి పుణ్యంలో డాక్టర్ల వాటా ఎంత? దీనికి మీమాంసకులు ఎప్పుడో దారి వేశారు. యాగంలో ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళు ఋత్విక్కులు. దక్షిణ తీసుకుంటారు, ఫలం యజమానిది. ఒక్క సత్రయాగంలో మాత్రం ఋత్విక్కులే యజమానులు, అందుకే అక్కడ దక్షిణ లేదు, ఫలం అందరిదీ. కాబట్టి బిల్లు వేసిన ఆసుపత్రి ఋత్విక్కు. దాని కష్టానికి దక్షిణ ముట్టింది. రూపాయి ముట్టకుండా, గుండె ఇంకా కొట్టుకుంటున్న కొడుకుని చూస్తూ సంతకం పెట్టిన తల్లి, ఆమె సత్రంలో కూర్చున్న యజమాని. పోయినవాడి మౌనంలో లేని సంకల్పాన్ని ఆమె చెప్పింది. నా తీర్పు ఇది. సర్జన్లకి నచ్చకపోతే నేను చేసేదేమీ లేదు, పురోహితులకి కూడా అదే లెక్క వర్తిస్తుంది.

తిన్నడి మాట ఎత్తేవాళ్ళుంటారు. శ్రీకాళహస్తిలో నోటితో నీళ్ళు తెచ్చి పోసి, రుచి చూసిన మాంసం నైవేద్యం పెడితే శివుడు కాదన్నాడా, ప్రేమ ఉంటే వస్తువుతో పనేమిటి అని. అందంగానే ఉంటుంది. కానీ ఎంగిలి తింటే శివుడికి జబ్బు చెయ్యదు, మంచం మీద ఉన్న మనిషికి చేస్తుంది. దేవుడికిచ్చేటప్పుడు తిన్నడు సరే, మనిషికిచ్చేటప్పుడు నచికేతుడే సరి. ఆవుల వంక చూడాల్సిందే. పుచ్చుకునేవాడికి చెప్పాల్సిందే: ఈ కాలేయంలో కొవ్వుంది, ఇంత కరిగించాం, ఇంత మిగిలింది, దీనికి ఒప్పుకుంటారా, ఇంకొకటి దొరికేదాకా ఆగుతారా అని. రోగి తల ఊపాలి. ప్రాణభయంలో ఊపిన తల అని నాకూ తెలుసు, అయినా చెప్పకుండా కుట్టడం కన్నా అది మేలు.

వాజశ్రవసుడి ఆవులకీ ఈ కాలేయాలకీ తేడా నాకు కనిపించేది ఒక్కచోట. ఈనడం ఉడిగిన ఆవుని ఎంత మేపినా మళ్ళీ దూడని వెయ్యదు. కొవ్వెక్కిన కాలేయం తేరుకుంటుంది. తేరుకునే దారి ఉందని తెలిశాక, చూడకుండా ఇవ్వడం ఎంత దోషమో, చూసి పారెయ్యడం కూడా అంతే దోషం. ఆ యంత్రాలు ఖరీదైనవి. వాటిలో కలిపే కొవ్వు కరిగించే మందులు ఇంకా పరిశోధన దశలోనే ఉన్నాయి. వచ్చినా ముందు డబ్బున్నవాళ్ళకే అందుతాయేమోనన్న దిగులు నాకుంది. దానికి శాస్త్రంలో జవాబు వెతకను, ప్రభుత్వాన్నే అడగాలి.

మా యజమానుల్లో ఒకాయన తద్దినం అయ్యాక చెయ్యి కడుక్కుంటూ అడిగాడు: "పంతులుగారూ, నాకు ఫ్యాటీ లివరండీ. ఇలాంటిది రాసిస్తే పాపం కాదు కదా?" రాసివ్వమన్నాను. పనికొస్తుందో లేదో చూడటం అప్పుడుండే డాక్టర్ల పని, మీరు ముందే కొట్టేసుకోవద్దన్నాను. ఈలోగా రోజూ గట్టు మీద నడవమని కూడా చెప్పాను, అది ఎవరికిచ్చినా ఇవ్వకపోయినా మంచిదే. మీకూ అదే మాట. తెలంగాణలో నిమ్స్ కేంద్రంగా నడిచేదీ, ఆంధ్రప్రదేశ్‌లో నడిచేదీ రెండింటి పేరూ జీవన్‌దాన్. పేరు రాయించుకోవచ్చు. రాయించుకున్న కార్డు మీ పర్సులో ఉండిపోతే మాత్రం లాభం లేదు. ఆ వేళకి సంతకం పెట్టాల్సింది మీరు కాదు, మీ ఇంట్లోవాళ్ళు. ఈ రాత్రి భోజనాల దగ్గర వాళ్ళకి చెప్పండి.